349 డాలర్ల ఓడ ప్రయాణం ఇంటికొచ్చేసరికి 3,500 ఎలా అవుతుంది?

ప్రశ్న: అక్కా, నమస్తే. మేం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. నాకు హెచ్‌-1బి ఉద్యోగ వీసా, మా ఆవిడకి నా భార్యగా వచ్చే హెచ్‌-4. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు, ఒకడికి ఏడేళ్లు, చిన్నదానికి మూడు. సెప్టెంబరులో తెనాలి నుంచి అమ్మానాన్న వస్తున్నారు, ఫిబ్రవరి దాకా ఉంటారు. వాళ్ల వీసాలు ఉన్నాయి. నాన్నగారికి పెద్ద ఓడ ఎక్కాలని ఎప్పటినుంచో కోరిక. ఈమధ్య మా వాట్సాప్ గ్రూపులో 'గాల్వెస్టన్ రేవు నుంచి 5 రాత్రులు, 349 డాలర్లే' అని ఒక ఫ్లయర్ తిరిగింది. ఆరుగురికి 2,100 లోపే కదా అని ఫోన్ చేస్తే మూడు వేలు దాటించి చెప్పారు. ఆఫీసులో ఒకాయనేమో 'తొందరపడకు, చివరి రెండు వారాల్లో సగం రేటుకి ఇచ్చేస్తారు' అంటున్నాడు. ఆగమంటారా? క్రిస్మస్ సెలవుల్లో వెళ్దామా, జనవరిలోనా? మా ఆవిడ పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు జనవరి మొదట్లో అయిపోతుంది, నాది ఇంకా రెండేళ్లుంది. అమ్మ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. అసలు చవగ్గా వెళ్లే దారి ఉందా? — ఇర్వింగ్ నుంచి ఒక పాఠకుడు

సమాధానం: తమ్ముడూ, ముందు మీ ఆఫీసాయన మాట తేల్చేద్దాం. ఆగకండి.

ఆయన చెప్పింది అబద్ధమని కాదు. ఓడ కదిలేనాటికి ఖాళీగా మిగిలిన గది కంపెనీకి దండగ. అందుకే ఆఖరి రెండు మూడు నెలల్లో మిగిలిపోయిన గదుల రేట్లు దించుతుంటారు. కాకపోతే ఆ తగ్గింపు అక్కరకొచ్చేది రేవుకి గంట దూరంలో ఉండి, బడికెళ్లే పిల్లలు లేక, ఏ గది ఇచ్చినా సరే అనుకునే ఇద్దరు మనుషులకి. హ్యూస్టన్‌లో మా వీధిలో రిటైరైన దంపతులు ఒకరున్నారు. సోమవారం రేటు చూస్తారు, గురువారం ఓడెక్కేస్తారు. పెట్టె ఎప్పుడూ సర్దే ఉంటుంది.

మీరు ఆరుగురు. మీకు నలుగురు పట్టే గది ఒకటి, దాని పక్కనో ఎదురుగానో అమ్మానాన్నలకి మరొకటి కావాలి. నలుగురు పట్టే గదులు ఏ ఓడలోనైనా తక్కువే. పైగా ఇంకో తిరకాసు ఉంది. గదిలో మూడో మంచం, నాలుగో మంచం ఉన్నా సరే, ఆ గదికి కేటాయించిన లైఫ్‌బోట్లలో లెక్క నిండిపోయిందంటే దాన్ని ఇక ఇద్దరికే అమ్ముతారు. అందుకే మీలాంటి కుటుంబాలకి ఆఖర్లో గది దొరకడమే కష్టం, రేటు తగ్గడం తర్వాతి మాట. ఒకవేళ దొరికినా మీరు ఆరో అంతస్తులో ముందువైపు, అమ్మానాన్న రెండో అంతస్తులో వెనకవైపు. మీ నాన్నగారు దారి వెతుక్కుంటూ అర్ధరాత్రి ఐస్‌క్రీమ్ మిషన్ దగ్గర తేలతారు.

ఇక రెండో సంగతి, ధర కన్నా ముందు చూడాల్సింది. స్టాంపింగ్.

గాల్వెస్టన్‌లో ఎక్కిన ఓడ ఏదో ఒక పరాయి దేశం రేవుని తాకి రావాల్సిందే. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటి ఇంకా నడుస్తోంది. పరాయి జెండా ఎగరేసే ఓడలు ఒక అమెరికా రేవులో మనుషుల్ని ఎక్కించుకుని, బయటికెళ్లకుండా అమెరికాలోనే దింపకూడదు. మీరు చూసే పెద్ద ఓడలన్నీ బహామాస్, పనామా లాంటి దేశాల జెండాల కిందే తిరుగుతాయి. అమెరికా జెండాతో తిరిగే పెద్ద క్రూయిజ్ ఓడ ప్రైడ్ ఆఫ్ అమెరికా ఒక్కటే, అది హవాయి దీవుల మధ్య తిరుగుతుంది, చవకా కాదు. కాబట్టి ఎంత చిన్న ప్రయాణమైనా మీరు కాగితాల లెక్కన అమెరికా దాటి మళ్లీ అమెరికాలోకి వస్తున్నట్టే. ఓడ తిరిగొచ్చే రోజున మీ ఆవిడ స్టాంపింగ్ చెల్లుబాటులో ఉండాలి. బయల్దేరే రోజున ఉంటే చాలదు.

దీంతో మీ జనవరి ఆలోచన పక్కకి పోయింది. పోనివ్వండి, ఇంకా మంచి వారం చెబుతాను.

స్టాంపింగ్ గడువు అయిపోయిన వాళ్లు కూడా ఐ-797 (హెచ్ హోదా మంజూరైనట్టు ఇచ్చే కాగితం) చూపించి మెక్సికో వెళ్లిరావచ్చని మీ గ్రూపులో ఎవరో ఒకరు అంటారు. 'ఆటోమేటిక్ రీవ్యాలిడేషన్' అనే నిబంధన ఉన్నమాట నిజం. 30 రోజుల్లోపు తిరిగొస్తే, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు మిగిలుంటే, హెచ్ వీసాల వాళ్లకి అది కెనడా, మెక్సికోల వరకు వర్తిస్తుంది. ఓడ మధ్యలో హోండురాస్‌లోని రోటాన్‌లోనో, బెలీజ్‌లోనో, జమైకాలోనో ఆగిందా, వర్తించదు. గాల్వెస్టన్ నుంచి వారం రోజులు తిరిగే ఓడలు చాలావరకు ఈ ఊళ్లలో ఏదో ఒకటి తాకుతాయి. పైగా మెక్సికో మన పాస్‌పోర్టు వాళ్లని తన వీసా అడగకుండా రానిచ్చేది చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా చూసే. అది అయిపోతే ఆ మినహాయింపూ పోయినట్టే. రేవులో టికెట్టు కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయికి ఈ నిబంధనలన్నీ విప్పి చెప్పి ఒప్పించే ఓపిక నాకైతే లేదు. మా ఇంటి పిల్లయితే కొత్త స్టాంపింగ్ చేయించుకున్నాకే ఎక్కమంటాను.

అమ్మానాన్నల వీసా మీద ఎంట్రీల దగ్గర 'ఎం' అని ఉందో లేదో చూడండి. అంటే ఎన్నిసార్లైనా రావచ్చని. పాస్‌పోర్టుకి కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. ఓడ దిగి వస్తే ఐ-94 కి మళ్లీ కొత్తగా ఆరు నెలలు వస్తాయని కొందరు లెక్క వేస్తుంటారు. ఆ ఆశ పెట్టుకోకండి. మామూలుగా పాత తేదీనే ఉంచుతారు. ఇంటికొచ్చాక వెబ్‌సైట్‌లో తేదీ ఒకసారి సరిచూసుకోండి. పిల్లలు ఇక్కడి పౌరులు కాబట్టి ఇలా బయల్దేరిన రేవుకే తిరిగొచ్చే ప్రయాణాలకి రాష్ట్రం ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్ సరిపోతుంది. కానీ ఎవరికైనా ఒంట్లో బాగోక మెక్సికోలోంచి విమానంలో రావాల్సి వస్తే సరిపోదు. పాస్‌పోర్టులు ఉంటే అవే పట్టుకెళ్లండి.

ఇప్పుడు ఆ 349 సంగతి.

2024 జూలై 1 నుంచి కాలిఫోర్నియాలో ఒక చట్టం అమల్లోకి వచ్చింది, ధర చెప్పేటప్పుడు తప్పనిసరి ఫీజులన్నీ కలిపే చెప్పాలని. ఒక్క రాష్ట్రానికి ఒక రేటు చూపించడం ఎందుకని పెద్ద క్రూయిజ్ కంపెనీలు అప్పట్నుంచి దేశమంతా పన్నులు కలిపిన ధరే తమ వెబ్‌సైట్లలో పెడుతున్నాయి. వాట్సాప్ ఫ్లయర్‌కి ఆ భయం లేదు. అందులో 349 పక్కన చీమ తలకాయంత నక్షత్రం గుర్తు ఉండే ఉంటుంది, చూసుకోండి.

చేతిలో కాగితం పెట్టుకుని నాతో పాటు లెక్క వేయండి. ఇవి ఉదాహరణ అంకెలే, కానీ మీకు వచ్చే బిల్లు దీనికి మరీ దూరంగా ఉండదు. 349 అన్నది ఒక గదిలో ఇద్దరుంటే ఒక్కొక్కరికి. మీరిద్దరికి 698, అమ్మానాన్నలకి 698. ఒకే గదిలో మూడో మనిషికి, నాలుగో మనిషికి రేటు తక్కువ. పిల్లలకి తలా 199 అనుకుంటే 398. ఇక్కడికి 1,794. దీని మీద పన్నులు, రేవు ఫీజులు తలా 130 చొప్పున 780. ఇది మూడేళ్ల పిల్లకీ పడుతుంది. 'పిల్లలకి ఉచితం' అని ఆఫర్ పెట్టినప్పుడు కూడా ఇది మాత్రం తప్పదు. 2025 జూలై నుంచి మెక్సికో కూడా క్రూయిజ్‌లో వచ్చే ప్రతి మనిషి మీద 5 డాలర్లతో ఒక పన్ను మొదలుపెట్టి, దాన్ని విడతలుగా పెంచేట్టు పెట్టుకుంది. అదీ ఇందులోకే వస్తుంది. మొత్తం 2,574 అయిందా? మీకు ఫోన్‌లో చెప్పిన మూడు వేలకి దగ్గరపడ్డాం.

తర్వాతది టిప్పు. దాన్ని మీ చేత్తో ఇచ్చేది కాదు, వాళ్లే గది లెక్కలో వేసేస్తారు. కంపెనీని బట్టి మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్లు. 17 వేసుకుంటే ఐదు రాత్రులకి ఆరుగురికి 510. గాల్వెస్టన్‌లో కారు పెట్టుకోవడానికి ఒక 110. ఇర్వింగ్ నుంచి పోనూ రానూ 600 మైళ్లు, పెట్రోలుకి 75. ముందు రోజు రాత్రి బసకి రెండు గదులు, 240. మొత్తం 3,509. ఆరుగురు, ఐదు రాత్రులు, అంటే మనిషికి రాత్రికి 117 డాలర్లు. తిండి, బస, ఆటపాటలు అన్నీ కలిపి.

నేను ఎవరికైనా చెప్పేది ఈ ఒక్క అంకె చూడమనే. ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మం దాకా, మనిషికి రాత్రికి ఎంత? ఏ ఫ్లయర్ వచ్చినా ఇదే కొలబద్ద పెట్టండి. ఫ్లారిడా నుంచి 249 కే అని ఒకటి వస్తుంది. ఆరు విమానం టికెట్లు కలపగానే దాని రంగు బయటపడుతుంది. మీకున్న అసలు తగ్గింపు కారులో ఐదు గంటల్లో రేవు చేరగలగడమే. దాన్ని వదులుకోకండి.

రెండో తగ్గింపు వారంలో ఉంది. ఓడ అదే, గది అదే, కూర అదే. వారం మారితే రేటు మారుతుంది. టెక్సస్‌లో మార్చి స్ప్రింగ్ బ్రేక్, వేసవి సెలవులు, థాంక్స్‌గివింగ్ వారం, క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా మండిపోతుంది. క్రిస్మస్ వారం రేటు పక్క వారానికి రెట్టింపు కావడం కొత్తేం కాదు. రేట్లు పడిపోయేది ఎప్పుడంటే బడులు తెరిచాక సెప్టెంబరు, అక్టోబరు మొదట్లో, థాంక్స్‌గివింగ్ వారం అయిపోయినప్పటి నుంచి డిసెంబరు రెండో వారం దాకా, మళ్లీ సంక్రాంతి రోజుల్లో.

సెప్టెంబరు అన్నిటికన్నా చవక. కానీ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుపాన్ల కాలం, అందులో ఆగస్టు నుంచి అక్టోబరు వరకు ముదురు. తుపాను వస్తే ఓడ దారి మార్చుకుంటుంది. ఆ హక్కు టికెట్టు ఒప్పందంలోనే రాసి ఉంటుంది, ఆగని రేవు తాలూకు ఫీజు తప్ప ఇంకేం వెనక్కి రాదు. అమ్మానాన్న అప్పటికి జెట్‌లాగ్ కూడా తీరకుండా ఉంటారు. సంక్రాంతి వారం స్టాంపింగ్ వల్ల పోయింది. కాబట్టి మీ వారం డిసెంబరు మొదటిది, లేదా రెండోది. వీసాకీ అదే సరిపోతుంది, జేబుకీ అదే.

పెద్దవాడికి బడి పోతుందని మీరంటారు, నిజమే. గాల్వెస్టన్ నుంచి గురువారం వెళ్లి సోమవారం వచ్చే నాలుగు రాత్రుల ప్రయాణాలు ఉంటాయి. మెక్సికోలోని కొజుమెల్ దీవి ఒక్కటే చూపించి తెస్తారు, మూడు రోజుల బడి పోతుంది. ఐదు రాత్రులదైతే కొజుమెల్‌తో పాటు మెక్సికోలోనే ప్రొగ్రెసో రేవు కూడా, దాదాపు వారం బడి పోతుంది. రెండో తరగతి పిల్లాడు తాతతో వారం రోజులు సముద్రం మీద ఉంటే చదువు చెడిపోతుందని నేననుకోను. మీ టీచరు ఏమంటారో మీకే తెలియాలి.

ఇప్పుడు బుక్ చేసే పద్ధతి. ఎక్కువమందికి తెలియంది ఇదే. బుక్ చేసిన రోజున మొత్తం డబ్బు కట్టక్కర్లేదు. ఇలాంటి చిన్న ప్రయాణాలకి మనిషికి వంద డాలర్ల చుట్టుపక్కల డిపాజిట్ కట్టి గది పట్టుకోవచ్చు. మిగతాది ఓడ కదలడానికి 75 నుంచి 90 రోజుల ముందు కట్టాలి. మీ లెక్కన అది సెప్టెంబరు. ఈలోగా అదే గది రకానికి రేటు తగ్గితే ఏజెంటుకో కంపెనీకో ఫోన్ చేసి 'ఇప్పటి రేటుకి మార్చండి' అని అడగండి. చాలాసార్లు మారుస్తారు. అడగనివాళ్లకి వాళ్లంతట వాళ్లు తగ్గించరు. అంటే మీ ఆఫీసాయన చెప్పిన తగ్గింపులో సగం మీకూ దొరుకుతుంది, గది చేతిలో ఉండగానే. ప్రతి ఆదివారం కాఫీ తాగుతూ ఒకసారి రేటు చూసుకోండి, అంతకన్నా శ్రమ అక్కర్లేదు.

డిపాజిట్‌లో రెండు రకాలుంటాయి, తిరిగిచ్చేది, ఇవ్వనిది. బాగా చవగ్గా కనిపించే రేటు తరచుగా తిరిగివ్వని రకం. పెద్దవాళ్లు ఇంకా ఇండియాలోనే ఉన్నారు కనుక కాస్త ఎక్కువైనా తిరిగిచ్చేదే తీసుకోండి. అలాగే 'గ్యారంటీ' గది అని ఒకటి అమ్ముతారు. రేటు తక్కువ, కానీ ఏ గది ఇస్తారో వాళ్లిష్టం. ఒంటరిగా వెళ్లేవాళ్లకి బాగుంటుంది. పక్కపక్క గదులు కావాల్సిన మీకు వద్దు.

ఏ గది? అందరికీ లోపలి గదే, కిటికీ లేనిది. బాల్కనీ గదికి పెట్టే అదనపు డబ్బుతో మీ ఆరుగురూ కొజుమెల్‌లో ఒక రోజంతా తిరగొచ్చు. ఒకవేళ మనసొప్పక ఒక్క కిటికీ గదైనా తీసుకుందామనుకుంటే అది అమ్మానాన్నలకి ఇవ్వండి, పిల్లలు ఎలాగూ అక్కడే ఉంటారు. ఓడ పొడవులో మధ్యగా, కింది అంతస్తుల్లో ఎంచుకుంటే ఊపు తక్కువ. డిసెంబరులో ఉత్తరపు గాలి దిగిందంటే గల్ఫ్ మొదటి రాత్రి కొంచెం ఊయల ఊపుతుంది. ఓడ ఊపుకి కడుపు తిప్పకుండా వేసుకునే మెక్లిజిన్ మాత్రలు ఇంటి దగ్గరే కొనుక్కోండి. నాన్నగారు వేరే మందులు వాడుతుంటే ముందు డాక్టర్ని అడగండి.

ఎక్కడ కొనాలి? ముందు కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో రేటు చూసి రాసుకోండి. తర్వాత కాస్ట్‌కో ట్రావెల్‌లో చూడండి. మెంబర్‌షిప్ మన ఇళ్లలో ఎలాగూ ఉంటుంది, బియ్యం బస్తా కోసమే కాదు, దీనికీ పనికొస్తుంది. రేటు కంపెనీదే ఉన్నా చాలా ప్రయాణాలకి తిరిగొచ్చాక కాస్ట్‌కో షాప్ కార్డు ఇస్తారు, ఎగ్జిక్యూటివ్ మెంబర్లకి పైన 2 శాతం కూడా. మా హ్యూస్టన్‌లోనే ఉన్న వెకేషన్స్ టు గో సైట్‌లో రాబోయే 90 రోజుల్లో కదిలే ఓడల రేట్లన్నీ ఒక్కచోట ఉంటాయి. మీరు కొనకపోయినా ఏ వారం ఎంత పడిపోతోందో అర్థం కావడానికి మంచిది. జనవరి నుంచి మార్చి దాకా కంపెనీలు పెద్ద ఎత్తున ఆఫర్లు పెడతాయి. అందులో రేటు తగ్గింపు కన్నా ఓడలో ఖర్చుపెట్టుకునే క్రెడిట్, ఉచిత డ్రింకులు లాంటి కొసరు ఎక్కువ. ఇంకోటి, డాలస్‌లో మనవాళ్లు షేర్ల గురించి మాట్లాడకుండా భోజనం చేయరు కదా! పెద్ద క్రూయిజ్ కంపెనీల షేర్లు కనీసం 100 ఉన్నవాళ్లకి ప్రయాణానికి కొంత క్రెడిట్ ఇస్తారు. ఇప్పటికే ఉంటే అడిగి తీసుకోండి. దీనికోసమని కొనకండి.

మన తెలుగు ఏజెంట్లు మంచివాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కమిషన్ కంపెనీయే ఇస్తుంది, మీరు పైన ఇవ్వక్కర్లేదు. కానీ ఒక షరతు పెట్టుకోండి. క్రెడిట్ కార్డు మీదే కట్టాలి, ఆ రోజే బుకింగ్ నంబరు రావాలి, ఆ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో పెడితే మీ ఆరుగురి పేర్లూ కనిపించాలి. మాకు తెలిసిన ఒక కుటుంబం జెల్ (బ్యాంకు ఖాతాలోంచి నేరుగా డబ్బు పంపే యాప్) ద్వారా డబ్బు పంపి, నంబరు 'రేపిస్తాను' అన్న మాట మీద మూడు నెలలు గడిపారు. ఆ రేపు రాలేదు. 'మీకు ఉచిత క్రూయిజ్ తగిలింది' అని వచ్చే ఫోన్ల గురించి చెప్పక్కర్లేదనుకుంటా, పెట్టేయండి.

డబ్బు అసలు కారేది ఓడెక్కాక. మేం మొదటిసారి వెళ్లినప్పుడు చివరి రోజు పొద్దున్నే తలుపు కింద నుంచి ఒక కాగితం తోశారు. మా వారు అది చదివి మంచం మీద కూర్చుండిపోయారు. నలుగురికి ఇంటర్నెట్, ఫొటోలు, పిల్లల కూల్‌డ్రింకులు, బింగో! టికెట్టుకి పెట్టిన దాంట్లో మూడో వంతు అక్కడే అయింది. గది కార్డే డబ్బు కాబట్టి పోతున్నట్టు తెలియదు. ఇప్పుడైతే పిల్లల కార్డుల మీద కొనుగోళ్లు మొదటి రోజే ఆపించేస్తాను. ఫోన్లు రేవులోనే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టించండి, సముద్రంలో ఓడ టవర్ పట్టుకుందంటే రోమింగ్ బిల్లు కళ్లు తిరిగేట్టు వస్తుంది. ఇంటర్నెట్ ఒక్క ఫోన్‌కి రోజుకు 20 డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఒక్కరికి తీసుకుంటే ఇంటికి కబురు చెప్పడానికి చాలు. నీళ్లు, టీ, మామూలు కాఫీ, నిమ్మరసం ఉచితం. మందు ప్యాకేజీ ఒకరు కొంటే ఆ గదిలో ఉన్న పెద్దవాళ్లంతా కొనాలని చాలా కంపెనీల్లో రూలు ఉంది. ఐదు రాత్రులకి అది మీకు గిట్టదు.

టిప్పులు మాత్రం తీయించకండి. కౌంటర్‌కి వెళ్లి అడిగితే తీసేస్తారని మనవాళ్లలో కొందరు అదొక ఉపాయంలా చెప్పుకుంటారు. పక్కలు సర్దే వాళ్లలో, వడ్డించే వాళ్లలో గోవా నుంచి, కేరళ నుంచి వచ్చిన పిల్లలు చాలామంది ఉంటారు. నెలల తరబడి ఇల్లు విడిచి పనిచేస్తారు. 510 డాలర్లు బరువనిపిస్తే నాలుగు రాత్రుల ప్రయాణానికి వెళ్లండి, ఇది కోయకండి.

కొజుమెల్‌లో, ప్రొగ్రెసోలో ఓడవాళ్లు అమ్మే టూర్లు ఖరీదు. ప్రొగ్రెసోలో రేవు వంతెన సముద్రంలోకి ఆరు కిలోమీటర్లకి పైనే పొడవుంటుంది. మీ నాన్నగారు ఆ వంతెన చూసే సంబరపడతారు. ఊళ్లోకి ఉచిత బస్సు ఉంది. దిగి సముద్రపు ఒడ్డున నడిచి, ఒక కొబ్బరి బొండాం తాగి రండి. చిచెన్ ఇట్జా (పాత మాయా నగరపు శిథిలాలు) చూడాలనుంటే మాత్రం ఓడవాళ్ల టూరే తీసుకోండి. దారి ఒకవైపే రెండు గంటలు, వాళ్ల బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మీరు సొంతంగా టాక్సీ మాట్లాడుకుని ఆలస్యమైతే ఆగదు.

ఇన్సూరెన్స్ దగ్గర పొదుపు చేయకండి. పెద్దవాళ్లు అమెరికా వచ్చేటప్పుడు మీరు కొనే విజిటర్ పాలసీ ఓడ మీద, మెక్సికోలో చెల్లుతుందో లేదో ఫోన్ చేసి అడగండి. చెల్లకపోతే ప్రయాణానికి వేరే తీసుకోండి. ఓడలో డాక్టరు ఉంటారు, కానీ చూపించుకున్న ఖర్చు గది లెక్కలో పడుతుంది, మీరు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. సముద్రం మధ్య నుంచి ఒడ్డుకి తరలించాల్సి వస్తే అయ్యే ఖర్చు ముందు మీ టికెట్టు ఒక లెక్కే కాదు. బీపీ, షుగరు లాంటి పాత జబ్బులకి కవరేజీ కావాలంటే చాలా పాలసీలు డిపాజిట్ కట్టిన రెండు మూడు వారాల్లోపే కొనమంటాయి.

ముందు రోజే గాల్వెస్టన్ వైపు రండి. అదే రోజు పొద్దున ఇర్వింగ్‌లో బయల్దేరి, ఐ-45 హైవే మీద ఏ యాక్సిడెంటో అయి, ఓడ కళ్లముందే వెళ్లిపోతే 3,500 నీళ్లలో పోసినట్టే. దారికి కాస్త పక్కగా పియర్‌ల్యాండ్‌లో మీనాక్షి అమ్మవారి గుడి ఉంది, అమ్మకి దర్శనం అవుతుంది.

అమ్మ తిండి గురించి. బుక్ చేయగానే శాకాహారం, గుడ్డు వద్దు అని రాయించండి. ఎక్కిన మొదటి రాత్రి డైనింగ్ హాల్ పెద్దని పిలిచి 'ఇండియన్ వెజిటేరియన్, గుడ్డు లేకుండా' అని మళ్లీ చెప్పండి. చాలా ఓడల్లో ముందురోజు చెబితే పప్పు, కూర, అన్నం విడిగా చేసి పెడతారు. గుంటూరు కారం ఆశించకండి. ఇంట్లో పెట్టిన ఆవకాయ సీసా రేవులో ఆపేస్తారు, ఇంట్లో వండిన ఏ పదార్థాన్నీ రానివ్వరు. దుకాణంలో కొన్న, సీలు తీయని పచ్చడి ప్యాకెట్లు, కారప్పొడి, జంతికలు రానిస్తారు. రైస్ కుక్కరు, కరెంటు కెటిల్, ఇస్త్రీ పెట్టె పెట్టెలో కనిపిస్తే తీసేసుకుంటారు, చివరి రోజున ఇస్తారు. మూడేళ్లదానికి ఇంకా డైపర్ ఉంటే పెద్ద కొలనుల్లోకి దిగనివ్వరు, డిసెంబరులోపు మాన్పించే ప్రయత్నం నాయనమ్మకి అప్పగించండి.

ఇంకోటి, ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెబుతున్నా. గదిలో బాత్రూము అరచెయ్యంత ఉంటుంది, జెట్ స్ప్రే ఉండదు. గదికొకటి చొప్పున రెండు ప్లాస్టిక్ మగ్గులు పెట్టెలో వేసుకోండి.